చంటిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్ర: రాత్రిని వంతులుగా పంచుకునే పద్ధతి

మూడు నెలల బిడ్డను రాత్రంతా లేవకుండా పడుకోబెట్టడం ఎలాగని చాలామంది అడుగుతున్నారు. దానికి ఉపాయం లేదు. ఆ వయసులో పొట్ట చిన్నది, ఆకలేస్తుంది, లేస్తుంది. అయితే బిడ్డ లేచినప్పుడల్లా తల్లీ తండ్రీ ఇద్దరూ లేవాల్సిన పని లేదు. మన చేతిలో ఉన్నది అదే కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

లెక్క ఇది: 24 గంటల్లో తల్లికి ఒకసారి, తండ్రికి ఒకసారి, ఎవరూ లేపని నాలుగున్నర గంటల నిద్ర పడాలి. పెద్దవాళ్ల నిద్ర సుమారు 90 నిమిషాలకో చుట్టు చొప్పున సాగుతుంది. నాలుగున్నర గంటలంటే మూడు చుట్లు. గంటకోసారి లేస్తూ మొత్తం ఏడు గంటలు పడుకున్నా తలబరువు తగ్గదు. పెద్దవాళ్లకు రోజుకు ఏడు గంటలు కావాల్సిందే, కానీ మిగతాది కునుకులుగా వచ్చినా కొన్ని నెలలు నెట్టుకురావచ్చు. ఈ ఒక్క ముక్క మాత్రం తెగకూడదు.

1. మూడు రాత్రులు కాగితం మీద పెట్టండి

ఎవరు ఎంత నిద్రపోతున్నారో నోటి లెక్కతో తేలదు. "నేనే కదా లేచింది" అని ఇద్దరూ అంటారు, ఇద్దరూ మనస్ఫూర్తిగానే అంటారు. మంచం పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని మూడు రాత్రులు ఇవి రాయండి:

☐ బిడ్డ లేచిన టైము, మళ్లీ పడుకున్న టైము
☐ ఎందుకు లేచింది: ఆకలి, తడి, దోమ, ఉక్క, కరెంటు పోవడం
☐ ఎవరు ఎత్తుకున్నారు, ఇంకెవరికి మెలకువ వచ్చింది

చివరి వరుస దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. ఎత్తుకున్నది ఒకరే అయినా ఇద్దరికీ మెలకువ వచ్చిన సార్లు లెక్కపెట్టండి. పోయిన ఆ నిద్రను పైసా ఖర్చు లేకుండా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒకరు పక్క గదిలోనో హాల్లోనో పడుకుంటే చాలు.

పగలు, రాత్రి కలిపి పిల్లలకు కావాల్సిన నిద్ర: పుట్టిన కొత్తలో 14–17 గంటలు, 4–12 నెలల్లో 12–16, 1–2 ఏళ్లకు 11–14, 3–5 ఏళ్లకు 10–13. మీ బిడ్డ ఈ హద్దుల్లో ఉంటే దానికి నిద్ర సరిపోతున్నట్టే. సరిపోనిది మీకు.

2. గది సంగతి ముందు తేల్చండి

మీ కాగితంలో దోమ, ఉక్క, కరెంటు అనే మాటలు ఎక్కువగా ఉంటే వంతుల దాకా వెళ్లే ముందు గది సర్దండి.

దోమలు. నెల్లూరు వాళ్లకు దోమల గురించి కొత్తగా చెప్పేదేముంది! చీకటి పడకముందే కిటికీలు, తలుపులు వేసేయండి. బిడ్డకు గొడుగు దోమతెర, పెద్దవాళ్ల మంచానికి వేరే తెర ఉండాలి. బిడ్డ ఉన్న గది మూసేసి దోమల కాయిల్ వెలిగించొద్దు. సాంబ్రాణి పొగ కూడా అంతే, ఊపిరితిత్తులకు పొగ పొగే.

ఉక్క. నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వైపు సముద్రపు తేమ ఎక్కువ. అక్కడ కూలర్ పెడితే గదిలో తేమ ఇంకా పెరిగి ఒళ్లంతా జిగటగా అవుతుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి అదే కూలర్ హాయిగా పనిచేస్తుంది. తీరం వైపు వాళ్లు ఫ్యాను మీదో, 25–26 డిగ్రీల దగ్గర పెట్టిన ఏసీ మీదో ఆధారపడాలి. ఏసీ గాలి బిడ్డకు నేరుగా తగలకుండా చూడండి. బిడ్డకు వేడిగా ఉందో లేదో కాళ్లు, చేతులు పట్టుకుంటే తెలియదు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే టోపీ, మేజోళ్లు తీసేయండి.

కరెంటు. రోహిణి కార్తె రాకముందే ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి. ఇంకో పని కూడా ఉంది. పగటిపూట మెయిన్ ఆపి, పడగ్గది ఫ్యాను తిరుగుతుందో లేదో చూడండి. ఇన్వర్టర్ లైను హాలు ఫ్యానుకే ఇచ్చి ఉంటే అర్ధరాత్రి బిడ్డ చెమటతో లేచి ఏడ్చేదాకా తెలియదు.

పడక. ఈ విషయంలో మొహమాటం వద్దు:

☐ ఏడాది నిండేదాకా బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి, పగలైనా రాత్రయినా
☐ గట్టి పరుపు, బిగుతుగా పరిచిన దుప్పటి
☐ దిండ్లు, మెత్తటి బొమ్మలు, బొంతలు పక్కన ఉండకూడదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా వద్దు
☐ చీర ఉయ్యాలలో నిద్రపట్టాక బిడ్డను తీసి చదునైన పడక మీద వేయాలి. ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరికి అడ్డమవుతుంది
☐ సోఫాలోనో, వాలు కుర్చీలోనో బిడ్డను గుండెల మీద వేసుకుని నిద్రపోకూడదు. కునుకు వస్తుందనిపిస్తే లేచి బిడ్డను దాని పడక మీద వేయండి
☐ తాగినవాళ్లు, పొగతాగేవాళ్లు, మత్తు వచ్చే మందులు వేసుకున్నవాళ్లు బిడ్డ పక్కన పడుకోకూడదు

లైటు విషయానికొస్తే జీరో బల్బు చాలు. ఎర్రటిదో, ముదురు పసుపుదో అయితే ఇంకా మేలు. ట్యూబ్‌లైటు వేశారంటే బిడ్డకూ మీకూ తెల్లవారినట్టే.

3. పుట్టింటి నుంచి బయలుదేరకముందే మాట్లాడుకోండి

మన వైపు కాన్పు పుట్టింట్లో, మూడో నెలలోనో ఐదో నెలలోనో తిరుగు ప్రయాణం. అప్పటిదాకా అమ్మ, అమ్మమ్మ, పిన్ని ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. అద్దె ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే నిద్ర లెక్క తలకిందులవుతుంది. అంటే సాయం ఎక్కువ కావాల్సింది కాన్పు రోజుల్లో కంటే ఆ వారంలో.

అందుకని తండ్రులకు ఒక మాట. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ఆసుపత్రి వరండాలో మొత్తం ఖర్చు చేయకుండా, ఎప్పటిలోపు వాడుకోవచ్చో ఆఫీసులో కనుక్కుని కొంత ఈ వారానికి దాచండి. ప్రైవేటులో చేసేవాళ్లు కూడా ఉన్న సెలవులను ఇక్కడికే జరపండి.

☐ వంటకు కనీసం పది రోజులు ఏర్పాటు: అత్తగారో, క్యారేజీనో, కర్రీ పాయింటో
☐ అంట్లకు, బట్టలకు పనిమనిషి ముందే మాట్లాడి ఉండాలి
☐ రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారో తేలాలి
☐ చూడ్డానికి వచ్చేవాళ్లకు టైము చెప్పాలి

చివరిది చెప్పడం కష్టమని తెలుసు. మధ్యాహ్నం రెండింటికి పండ్లు పట్టుకుని వచ్చిన పెద్దమ్మను వాకిట్లో నిలబెట్టలేం. కాబట్టి ముందురోజే భర్తతో ఫోన్ చేయించండి: "పెద్దమ్మా, సాయంత్రం ఐదు దాటాక రండి, నిదానంగా కూర్చోవచ్చు. మధ్యాహ్నం తల్లీబిడ్డా పడుకుంటున్నారు." ఆయన నోటి నుంచి వస్తే ఎవరూ తప్పు పట్టరు. కోడలు చెబితే పట్టేవాళ్లున్నారు, ఏం చేస్తాం!

4. రాత్రిని రెండు వంతులు చేయండి

రాత్రి 9 నుంచి 1:30 దాకా మొదటి వంతు, 1:30 నుంచి 6 దాకా రెండోది. ఒకరు వంతులో ఉంటే రెండోవాళ్లు తలుపేసుకుని వేరేచోట పడుకోవాలి. వేళలు మీ ఇంటిని బట్టి జరుపుకోవచ్చు, నాలుగున్నర గంటలు మాత్రం తగ్గించకండి.

*బిడ్డకు నెలన్నర లోపు, తల్లిపాలు ఇస్తుంటే.* రెండు మూడు గంటలకోసారి పాలు తప్పవు కాబట్టి పూర్తి వంతు కుదరదు. ఇక్కడ చేయగలిగింది తల్లి మెలకువను కుదించడం. తండ్రి బిడ్డను ఎత్తి, తడి మార్చి, తల్లి దగ్గరికి తెస్తాడు. ఆమె పాలిచ్చి అలాగే పడుకుంటుంది. తేన్పు రప్పించడం, జోకొట్టడం, పడుకోబెట్టడం మళ్లీ ఆయన పని. గంట మెలకువ అరగంటకు దిగుతుంది. మిగతా బాకీ పగటి నిద్రతో తీర్చుకోవాలి.

*నెలన్నర దాటి, బరువు బాగా పెరుగుతుంటే.* పాలు బాగా పడుతున్నాయని డాక్టర్ కూడా చెప్పాక, పగలు ఒక పూట పాలు పిండి దాచడం మొదలుపెట్టండి. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు ఉంటాయి, కానీ మన వేసవి గది అంత చల్లగా ఎక్కడుంటుంది? వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపల వెనక వైపు పెట్టండి. నాలుగు రోజుల్లోపు వాడేయాలి. కాచొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. వేడినీళ్ల గిన్నెలో పాల గిన్నెను ఉంచితే చాలు. మరిగించి తీసిన ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. బిడ్డ వదిలేసిన పాలు రెండు గంటలు దాటితే పారబోయండి.

తొమ్మిదికి తల్లి పాలిచ్చి వెళ్లి పడుకుంటుంది. పదకొండున్నర, పన్నెండు ప్రాంతంలో తండ్రి ఫ్రిజ్‌లో పాలు పడతాడు. ఒకటిన్నరకు మార్పు. మొదటి కొన్ని రోజులు రొమ్ములు బిగుసుకుంటాయి. నొప్పిగా ఉంటే మధ్యలో కొంచెం పిండి మళ్లీ పడుకోండి, వారంలో సర్దుకుంటుంది. గడ్డకట్టి ఎర్రబడినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించాలి.

*తండ్రికి రాత్రి పని ఉంటే.* రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్ల కాపలా, పోర్టు డ్యూటీ, లారీ, బస్సు... మన జిల్లాల్లో ఇది చాలా ఇళ్ల సంగతి. ఇలాంటి ఇళ్లలో తల్లి నాలుగున్నర గంటల ముక్క సాయంత్రానికి మారాలి. బిడ్డకు ఆరున్నరకు పాలిచ్చి తల్లి పడుకుంటే, తండ్రి డ్యూటీకి వెళ్లేదాకా ఆయన, తర్వాత పదకొండు దాకా అత్తగారో ఆడబిడ్డో చూసుకోవాలి. చెరువు నుంచి వచ్చిన మనిషికి బిడ్డను అప్పగించకండి. ఆయన ముందు పడుకోవాలి, మధ్యాహ్నం లేచాక ఎత్తుకోవచ్చు.

*ఇద్దరు పిల్లలుంటే.* రాత్రికి ఒక్కో బిడ్డ ఒక్కొక్కరిది. పెద్దది నాన్నతోనో నాయనమ్మతోనో వేరే గదిలో పడుకోవాలి. ఈ అలవాటు చిన్నది పుట్టకముందే నెల రెండు నెలల ముందు మొదలుపెట్టండి. పుట్టాక మారిస్తే "చెల్లి వచ్చి నన్ను గెంటేసింది" అని పెద్దదానికి కోపం.

*ఒక్కరే ఉంటే.* రాత్రి ఆయాను పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. అదే డబ్బులో కొంతతో పగలు మూడు గంటలు ఒక మనిషిని పెట్టుకోండి. ఆమెకు అంట్లు అప్పగించి మీరు బిడ్డను ఆడిస్తూ కూర్చుంటే లాభం లేదు. ఆమె బిడ్డను చూడాలి, మీరు పడుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకు ఒక సలహా. అరవై దాటిన వాళ్లకు అర్ధరాత్రి వంతు వేయకండి. వాళ్లు ఎలాగూ తెల్లారి నాలుగున్నరకే లేచి కాఫీ పెట్టుకుంటారు. "అత్తమ్మా, ఐదు నుంచి ఏడు దాకా మీరు ఎత్తుకోండి, నేను కాసేపు పడుకుంటాను" అంటే సంతోషంగా ఒప్పుకుంటారు. ఆ రెండు గంటల నిద్ర విలువ ఇంతా అంతా కాదు.

వంతు మారేటప్పుడు చెప్పాల్సింది రెండు ముక్కలే: "పన్నెండుకు తాగింది, ఇప్పుడే తడి మార్చాను." కబుర్లు పొద్దున చెప్పుకోవచ్చు.

వంతులో లేనివాళ్లు సలహాలు ఇవ్వకూడదు. ఆయన డైపర్ వంకరగా పెడితే పెట్టనివ్వండి. బిడ్డ రెండు నిమిషాలు ఏడవగానే తలుపు తీసుకుని పరుగెత్తే తల్లికి వంతు వేసినా వేయనట్టే. ఫ్యాను చప్పుడు గట్టిగా ఉండే గదిని పడుకునేవాళ్లకు ఇవ్వండి.

5. అర్ధరాత్రి లేచినప్పుడు పనుల వరుస

పడుకోబోయే ముందే ఒక బుట్టలో నాలుగు డైపర్లు లేదా మెత్తటి గుడ్డలు, తడిగుడ్డ, మార్చడానికి ఒక చొక్కా, తువ్వాలు, ఫ్లాస్కులో వేడినీళ్లు, మీకు తాగడానికి మంచినీళ్లు సర్దండి. ఫ్లాస్కు బిడ్డకు అందనంత దూరంలో ఉండాలి.

1. కదలగానే ఎత్తకండి. చంటిపిల్లలు నిద్రలో మూలుగుతారు, కాళ్లు తంతారు, ఒక్కోసారి కళ్లు కూడా తెరుస్తారు. అర నిమిషం, నిమిషం ఆగి చూడండి.
2. నిజంగా లేస్తే జీరో బల్బు వెలుగులోనే ఎత్తుకోండి.
3. ముందు తడి మార్చండి, తర్వాత పాలు. పాలు తాగుతూ నిద్రలోకి జారిన బిడ్డను మళ్లీ కదిపి డైపర్ మార్చడం కంటే తెలివితక్కువ పని లేదు. పాలు తాగగానే విరేచనం అయ్యే బిడ్డలకు మాత్రం మధ్యలో మార్చండి.
4. మాటలు, ముద్దులు పగటికి ఉంచండి. రాత్రి ముభావంగా ఉండటమే మంచిది.
5. భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి.
6. మగతగా ఉండగానే వెల్లకిలా పడుకోబెట్టి, ఒక చెయ్యి పొట్ట మీద కాసేపు ఆనించి ఉంచండి.
7. ఫోన్ తీయకండి. టైము చూడ్డానికి గోడ గడియారం ఉంది కదా.

6. పగటి కునుకు

"బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని అందరూ అంటారు. అప్పుడు అంట్లు ఎవరు తోముతారో ఎవరూ చెప్పరు. ప్రతిసారీ కుదరదు. రోజుకు ఒక్కసారి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య, అదే నియమం పెట్టుకోండి. ఎండాకాలం ఎలాగూ ఊరంతా ఆ వేళకు తలుపులేసుకుంటుంది.

అయితే 20 నిమిషాలు పడుకోండి, లేదంటే గంటన్నర. నలభై, యాభై నిమిషాలకు లేస్తే గాఢనిద్ర మధ్యలో లేచినట్టయి తల ఇంకా దిమ్ముగా ఉంటుంది. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకోండి. కాఫీ మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

7. బిడ్డకు పగలూ రాత్రీ తెలియజేయండి

రెండు నుంచి నాలుగు నెలల మధ్య బిడ్డ ఒంట్లో గడియారం కుదురుకుంటుంది. మనం చేసేది దానికి సాయం.

☐ పొద్దున ఆరు, ఏడు మధ్య వెలుతురులోకి తీసుకెళ్లండి
☐ పగటి నిద్రకు ఇల్లంతా చీకటి చేసి, కుక్కర్ విజిల్ కూడా ఆపాల్సిన పని లేదు
☐ సాయంత్రం రోజూ ఒకే వరుస: గోరువెచ్చని స్నానం, వదులు చొక్కా, పాలు, జోలపాట, పడక
☐ ఏడాది దాటినవాళ్ల పగటి నిద్ర నాలుగు గంటలకల్లా ముగియాలి
☐ పడుకునే ముందు గంటసేపు టీవీ, ఫోన్ కట్టేయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు చూపించకపోవడమే మంచిది

నాలుగో నెల ప్రాంతంలో బాగా పడుకునే బిడ్డ ఉన్నట్టుండి గంటకోసారి లేవొచ్చు. నిద్ర తీరు మారే వయసు అది. వంతులు మార్చకుండా రెండు మూడు వారాలు ఓర్చుకోండి.

8. మర్నాడు పని, బండి

17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. బండి నడిపేవాళ్లకు మన చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. అంటే చుక్క ముట్టకుండానే హద్దు దాటుతున్నాం.

నెల్లూరు–ఒంగోలు హైవే మీద తెల్లవారుజామున కారు తీసుకుని పుట్టింటికి బయలుదేరే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఏడాది దాన్ని మానుకోండి. ముందురాత్రి మీ నాలుగున్నర గంటల నిద్ర పడకపోతే రైలెక్కండి, లేదంటే వేరే డ్రైవర్‌ను పెట్టుకోండి. దారిలో కళ్లు మూతపడితే పాటల సౌండు పెంచడం, అద్దం దించడం పనిచేయవు. సురక్షితమైన చోట ఆపి టీ తాగి 20 నిమిషాలు పడుకోవాలి. బిడ్డను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవడం అసలే వద్దు.

ఆఫీసులో డబ్బు లెక్కలు, సంతకాలు, యంత్రాల పనులు నిద్ర పడిన రోజుకు, లేదా ఉదయం పూటకు పెట్టుకోండి. ఇంట్లో మందు డోసు కొలిచేటప్పుడు సీసా మీద పేరు బయటికి చదవండి. నిద్రమత్తులో సీసాలు మారిపోతాయి.

9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*పొట్ట నిండితే పడుకుంటుందని నాలుగో నెలలోనే ఉగ్గు, రాగి జావ.* ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మే నెల ఎండలోనైనా మంచినీళ్లు కూడా అక్కర్లేదు. జావ పట్టినంత మాత్రాన నిద్ర పెరగదు. తేనె ఏడాదిలోపు నాలుకకు రాయడం కూడా వద్దు.

*"జలుబు మందు వేస్తే హాయిగా పడుకుంది."* ఇది చాలా ప్రమాదం. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే చెప్పింది. నిద్ర కోసం ఏ సిరప్పూ వేయకండి.

*వారమంతా మేలుకుని ఆదివారం పడుకోవడం.* బాకీ అలా తీరదు. ఆదివారం మధ్యాహ్నం గంటన్నర చాలు, రాత్రి వంతులు యథాప్రకారం.

*బిడ్డ పడుకున్నాక పన్నెండు దాకా రీల్స్.* రోజంతా మనకంటూ దొరికే టైము అదొక్కటే, ఆ బాధ నాకూ తెలుసు. మానేయమనను. వంతు మొదలవడానికి ముందు అరగంట పెట్టుకుని, ఫోన్‌ను వేరే గదిలో చార్జింగ్‌కు వదిలేయండి.

*రెండు రాత్రులు చూసి "మాకు కుదరలేదు" అనడం.* కనీసం రెండు వారాలు చూడండి. తర్వాత మార్చాల్సింది వేళలను, పద్ధతిని కాదు.

10. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

బిడ్డకు మూడు నెలలలోపు 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఊపిరి కష్టంగా తీస్తున్నా అదే రోజు, అదే గంట ఆసుపత్రికి వెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. పెద్ద పిల్లలు రోజూ గురకపెడుతూ నోటితో ఊపిరి తీస్తుంటే తీరిగ్గానైనా చూపించాలి.

తల్లికి ఎంత పడుకున్నా నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. నిద్రలేమి అనుకున్నది రక్తహీనత అయి ఉండొచ్చు. ఆసుపత్రిలో కాన్పయితే 42 రోజుల్లోపు ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. బిడ్డ బరువుతో పాటు మీ నీరసం సంగతి కూడా ఆమెకు చెప్పండి.

ఇంకో గుర్తు ఉంది, దాన్ని ఇంట్లోవాళ్లు పట్టించుకోవాలి. బిడ్డ పడుకుని ఉంది, గది చల్లగా ఉంది, ఎత్తుకోవడానికి మనుషులున్నారు, అయినా తల్లికి నిద్ర పట్టడం లేదు. ఊరికే ఏడుపొస్తుంది, బిడ్డ మీద ధ్యాస లేదు, లేదా బిడ్డకేదో అవుతుందని ఒకటే టెన్షన్. కాన్పు తర్వాత మొదటి కొద్దిరోజులు మనసు ఇలా ఉండటం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే "ఒళ్లు అలిసింది" అని సర్దిచెప్పకండి, అది చికిత్స ఉన్న జబ్బు. తనకో బిడ్డకో హాని చేసుకోవాలనే మాట వస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ స్థితిలో ఉన్న మనిషి తనంతట తాను ఫోన్ తీయదు. భర్తో, అక్కో, అమ్మో నంబరు కలిపి ఆమె చేతికి ఇవ్వాలి.